కాంటూరు సఫారీ

చేపల చెరువుల మీద నాలుగు డబ్బులు వెనకేసిన ఆసాములు ఈ మధ్య ఏలూరు, కైకలూరుల నుంచి కెన్యా వెళ్లొస్తున్నారు. మసాయి మారాలో సింహం జీపును రాసుకుంటూ పోయిన వీడియో చూపించి, "అడవంటే అదండీ! కంచె లేదు, గట్టు లేదు. మనవాళ్లకేదీ ఆ శ్రద్ధ?" అని వాపోతారు. వాపోవడం అయ్యాక పొక్లెయిన్ వాడికి ఫోన్ చేస్తారు. గట్టు ఇంకో రెండడుగులు లేపాలట.

ఆ గట్టున్నది అభయారణ్యంలోనే. కొల్లేటి సరస్సులో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం పక్షులకు రాసిచ్చింది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకూ ఎక్కించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు పగలగొట్టారు. అవి మళ్లీ మొలిచాయి. కొల్లేటిలో అంతరించే ప్రమాదం బొత్తిగా లేని జాతి గట్టొక్కటే.

గూడబాతులకేం లోటు చేయలేదు లెండి. గూడు కట్టడానికి చెట్లు చాలకపోతే అటవీశాఖ ఆటపాకలో ఇనుప స్టాండ్లు నాటింది. పాపం, వాటి మీదే పిల్లల్ని లేపుకుంటున్నాయి. పడవెక్కి ఫొటోలు తీసుకోవచ్చు. సరస్సు తాలూకు షోరూమ్ అది. అసలు సరుకు ఐసు పెట్టెల్లో కలకత్తా లారీ ఎక్కుతుంది.

ఇన్ని తంటాలెందుకు, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదిస్తే పోలా అన్నారు. 2008లో శాసనసభ తీర్మానమూ చేసింది. అప్పుడు మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం పంపిన అజీజ్ కమిటీ ఒప్పుకోలేదు. దానికి పక్షులు కనిపించాయి, ఓట్లు కనిపించలేదు.

కుదించమనేవాళ్లు ముందు పేదవాణ్ణి నిలబెడతారు. జిరాయితీ పట్టా ఉండీ దున్నుకోలేని రైతు బాధ అబద్ధం కాదు, పరిహారం ఇచ్చి తీరాల్సిందే. మారా పక్కనున్న సెరెంగెటిలోనూ 1959లో పార్కు పేరు చెప్పి మసాయిలను పశువులతో సహా పంపేశారు, అదీ అన్యాయమే. కానీ అక్కడ వెళ్లగొట్టింది మృగాల కోసం. ఇక్కడ మాత్రం పక్షీ, మావులు పెట్టి చేపలు పట్టుకు బతికే వడ్డివాడూ కలిసే ఒడ్డెక్కారు. నీళ్లలో మిగిలింది లీజుదారు.

బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి మోసుకొచ్చే నీళ్లన్నిటికీ సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు ఆ తర్వాత దిగింది కొల్లేటిలోకే. మూడో కాంటూరు అంటూ ఈసారి ఓటుకొచ్చే నాయకుణ్ణి, ఆ గీత దగ్గర ఆగమని వరదకు ఎవరు చెబుతారో అడగండి.