పట్టపుపాళెం బోరింగు

కాగితాల్లో నా పేరు ఇండియా మార్క్ 2 చేతిపంపు. ఊళ్లో బోరింగు అంటారు. కావలి దగ్గర్నుంచి తడ దాకా పాత నెల్లూరు జిల్లా తీరం పొడవునా, బకింగ్‌హాం కాలవకీ సముద్రానికీ నడుమ ఇసుక మీద జాలర్లుండే పట్టపుపాళేలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని నడివీధిలో, రామాలయం ఎదురుగా నన్ను నిలబెట్టారు. ఏ పాళెమని అడక్కండి. పక్క పాళెంలో బోరింగును అడిగినా ఇంచుమించు ఇదే కథ చెబుతుంది.

మా వంశం చిన్నదేమీ కాదు. షోలాపూరులో మిషనరీలు చేసుకున్న పంపును ఆధారంగా తీసుకుని, యూనిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి 1970ల చివర్లో మా నమూనా ఖరారు చేశాయి. ఆఫ్రికా దేశాల్లోనూ మావాళ్లున్నారు. ఇంతా చేసి నాలో ఉన్నదేమిటి? ఇనప పీఠం, తలలో ఒక చైను, భూమిలోకి నాలుగు పైపులు, వాటి మధ్యన కడ్డీ, అడుగున ఇత్తడి గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే వాచర్లు. నలభై సార్లు కొడితే బిందె నిండుతుంది. చైనుకు గ్రీజు పెట్టి, అరిగిన వాచర్లు మారిస్తే ఇంకేమీ అడగను.

నేను రాకముందు ఈ ఊరు దొరువుల నీళ్లు తాగేది. ఇసుకలో వెడల్పుగా గుంట తవ్వి, ఊరిన నీటిని ముంతతో మెల్లగా ముంచుకునేవాళ్లు. ఒకరు ముంచాక, మళ్లీ ఊరేదాకా ఇంకొకరు కూర్చోవాల్సిందే. దాన్ని వెనకబాటుతనం అనుకున్నారు గానీ, ఈ ఇసుక గుట్టు తెలిసినవాళ్ల పని అది. ఇక్కడ భూమిలో వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు యూరప్ వాళ్లు వందేళ్ల కిందటే దీని లెక్క కట్టారు. మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక్క అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు నిలుస్తుంది. పైన ఆ ఒక్క అడుగూ తోడేశామా, కింద నుంచి ఉప్పు 40 అడుగులు ఎక్కివస్తుంది. దొరువు పైపైన మీగడ తీసినట్టు తీసుకుంటుంది కాబట్టే నిలిచింది. తర్వాత బాపట్ల శాస్త్రవేత్తలు ఆ దొరువునే తీసుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి మెరుగుపరిచారు.

మొదట్లో నా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవని ముసలమ్మలు ఇప్పటికీ అంటారు. అన్నానికీ పప్పుకీ నావే. ఊరు మరిచిపోయిన సంగతి ఒకటుంది. నేను తియ్యగా ఉన్న ఆ కాలంలోనే పిల్లలకు వాంతులూ విరేచనాలూ ఎక్కువ. నా చుట్టూ వేసిన సిమెంటు చప్టా రెండేళ్లకే పగిలింది. దాని మీదే చేపలు కడిగేవాళ్లు, బిడ్డలకు నీళ్లు పోసేవాళ్లు, వలల బురద వదిలించేవాళ్లు. ఆ మురుగంతా మడుగుకట్టి, పగుళ్లలోంచి దిగి, నాలుగు పైపుల లోతున్న నా దగ్గరికే వచ్చేది. ఇసుకకు దాన్ని పట్టి ఆపేంత ఓపిక ఎక్కడిది?

ఒకసారి నర్సమ్మ ఒక చిన్న సీసా తెచ్చింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాల వాళ్లు 1982లో కనిపెట్టిన పరీక్ష అది. నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంలోని క్రిములు ఉన్న నీరు నల్లబడుతుంది. నా నీళ్లు మర్నాటికే కాటుకైపోయాయి.

"ఇంత తియ్యటి నీళ్లల్లో పురుగులేంది మే?" అన్నారు ఆడవాళ్లు. నాలో బ్లీచింగ్ పౌడరు కలిపి పోశారు. వాసన వస్తోందని వారం రోజులు నా దగ్గరికే రాలేదు, పాత దొరువుకే పోయారు. వాళ్లనేం అనగలను? నాలుక మీద ఏదుంటే దాన్నే నమ్ముతాడు మనిషి.

తర్వాత రొయ్యల గుంటలు వచ్చాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్యకు పట్టిన ధర చూసి పొలాలు, కయ్యలు, పోరంబోకు అన్నీ గుంటలైపోయాయి. టైగర్ రొయ్యకు ఉత్త సముద్రపు నీళ్లు పడవు, కాస్త చప్పబడాలి. అందుకని ఒకవైపు కాలవ నుంచి ఉప్పునీళ్లు తోడి గుంటల్లో నిలబెట్టారు. ఇంకోవైపు బోర్లు వేసి భూమిలోని మంచినీళ్లు లాగి అందులో కలిపారు. పైన నిలిచిన ఉప్పు కిందికి ఇంకింది, కింద ఖాళీ అయిన చోటికి ఉప్పు పైకి ఎక్కింది. రెండు పక్కల నుంచీ నలిగింది నా ఊట. సముద్రం లోపలికొచ్చేసిందని ఊళ్లో అనుకున్నారు. అది ఎక్కడున్నది అక్కడే ఉంది పాపం.

లీటరుకు 1000 మిల్లీగ్రాముల క్లోరైడు దాటిన నీళ్లు వేరే గతి లేకపోయినా తాగకూడదంటుంది బీఐఎస్ ప్రమాణం. మామూలుగా 250 లోపే ఉండాలి. నాలుకకు ఉప్పు తగిలేది కూడా అటూఇటుగా అక్కడే. కనుక నా సంగతి తేలడానికి ఏ ల్యాబూ అక్కర్లేకపోయింది. పప్పు ఉడకలేదు, సబ్బు నురగ రాలేదు, టీ విరిగింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని కుర్రు అనే ఊళ్లో నీళ్లు ఉప్పుబారి, ఆడవాళ్లు గొడవకు దిగితే ట్యాంకర్లు పంపారు.

రొయ్యల గుంటల మీద కేసు సుప్రీంకోర్టుకెక్కింది. వేసిన పెద్దమనిషి తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు తీరం తిరిగి నివేదిక ఇచ్చారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులు తప్ప గుంటలు ఉండకూడదు, పులికాట్‌కు వెయ్యి మీటర్ల లోపల అసలే కూడదు, పాడుచేసినవాడే పరిహారం కట్టాలి. మా వీధిలో ఆ తీర్పు పడ్డ పేపరు గట్టిగా చదివి వినిపించారు. ఆ తర్వాత 2005లో కేంద్రం కొత్త చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్‌తో గుంటలకు దారి చూపింది. టైగర్ పోయి వనామి వచ్చింది. కోర్టు గుంట పూడ్చమనగలదు గానీ, ఇసుకలో ఇంకిన ఉప్పును తీసేది మాత్రం వానలే. దానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ తీర్పులోనూ రాయరు.

2004 డిసెంబరు 26 ఉదయం సునామీలో నా మెడదాకా సముద్రం వచ్చి పోయింది. దాని గురించి చాలామంది చెప్పారు, నేను చెప్పక్కర్లేదు.

ఉప్పు మనుషులకంటే ముందు నన్ను తిన్నది. తెల్లవారి మొదటి బిందె ఎర్రగా, ఇనుము వాసనతో వచ్చేది. మెకానిక్కులు వచ్చి నన్ను విప్పారు. నా రకానికి ఉన్న శాపం ఏమిటంటే, అడుగున ఒక్క వాచరు మార్చాలన్నా మొత్తం పైపులు పైకి లాగాల్సిందే. మూడో పైపు మర దగ్గర చెయ్యి పెడితే పొట్టు రాలినట్టు రాలింది. గోరుతో గీస్తే గోడలో కన్నం పడింది. "ఇంకేముందన్నా దీంట్లో" అని కుర్రవాడు నవ్వాడు. కొత్త పైపులు దింపారు. అవీ అంతే. ఇప్పుడు నన్ను కొట్టేది వలలు కడగడానికీ, గేదెలకూ.

ఊరికి ఇప్పుడు ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దూరాన ఎక్కడినుంచో పైపుల్లో నీళ్లు వస్తాయి, జల్ జీవన్ కుళాయిలూ ఉన్నాయి. అయినా తాగేది క్యాన్ నీళ్లే. ఆర్వో ప్లాంటులో ఉప్పు దాదాపుగా తీసేసిన నీళ్లు క్యాన్లకు, వడకట్టగా మిగిలిన మరింత ఉప్పునీళ్లు నా పక్కనున్న కాలవలోకి. అది మళ్లీ ఇసుకలోకే దిగుతుంది, నేను చూస్తూనే ఉంటాను.

పోయినేడు పరీక్షల కిట్టు ఇచ్చి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నేర్పారు. ఆ పాత సీసాలే, పెట్టె కొత్తది. అందులో చిన్నమ్మి నా నీళ్లు పట్టింది, కుళాయి నీళ్లు పట్టింది, చేతిలో ఇంకో సీసా మిగిలింది.

"క్యాన్ నీళ్లు గూడా పొయ్యి మే" అంది వాళ్లక్క.

"అయ్యి దుడ్లిచ్చి కొన్నయ్యి గదక్కా!"

"దుడ్లిస్తే పురుగులు పోతాయా?"

పోసింది. రెండో నాటికి నా సీసా అలాగే ఉంది. నా దగ్గర ఇప్పుడెవరూ స్నానాలు చేయరు, చప్టా కొత్తది వేశారు. కుళాయి నీళ్లలో ఇంకా కాస్త క్లోరిను ఉన్నట్టుంది, అదీ నల్లబడలేదు. నల్లబడ్డది క్యాన్ నీళ్లు. వడపోతలో క్లోరిను కూడా పోతుంది కదా, ఆ తర్వాత కడగని క్యాను అంటించినదాన్ని ఆపేవాళ్లు లేరు. ప్లాంటు అబ్బాయి ముందు ఒప్పుకోలేదు, తర్వాత క్యాన్లన్నీ బ్లీచింగుతో కడిగి ఎండలో బోర్లించాడు. నెల తిరిగాక మళ్లీ చూద్దామని చిన్నమ్మి వచ్చింది గానీ సీసాలు అయిపోయాయి. మండలానికి రాసి పంపారట, ఇంకా రాలేదు.