గోల్డ్ రాని పిల్లాడు దొరకడు

అంతర్జాతీయ పియానో పోటీలు రెండు రకాలు. మొదటి రకంలో పియానో ఉంటుంది, పోటీ ఉంటుంది. రెండో రకంలో అంతర్జాతీయం ఉంటుంది. ఈ మధ్య హైదరాబాద్ పాతబస్తీలో షాలిబండ నుంచి లాల్‌దర్వాజ దాకా, గౌలిపురా నుంచి ఛత్రినాక దాకా కరెంటు స్తంభాలకు వేలాడుతున్న ఫ్లెక్సీలన్నీ రెండో రకానివే. అందుకని వివరమంతా దాని గురించే. మొదటి రకం పోలిక కోసం అక్కడక్కడా వస్తుంది.

ముందుగా అర్హత. పోలండ్ రాజధాని వార్సాలో 1927లో మొదలైన షోపాన్ పోటీకి 2025లో ఆరు వందల పైచిలుకు దరఖాస్తులు వస్తే, అక్టోబరులో వేదిక ఎక్కనిచ్చింది ఎనభై పైచిలుకు మందిని. జర్మనీలో ఎట్లింగెన్ అనే చిన్న ఊళ్లో చిన్నవాళ్ల కోసమే ఒక పోటీ ఉంది. 1994లో అక్కడ గెలిచిన చైనా పియానిస్టు లాంగ్ లాంగ్ వయసు అప్పటికి పన్నెండేళ్లు. అమెరికాలో 2015లో పుట్టిన క్లైబర్న్ జూనియర్ పోటీలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకే ప్రవేశం. రెండో రకానికి ఇన్ని పేచీలు లేవు. ఫీజు కట్టిన స్క్రీన్‌షాట్ పంపితే అర్హత వచ్చినట్టే. వయసు విభాగాలు మాత్రం ధారాళం: ఆరేళ్ల లోపు, ఎనిమిదేళ్ల లోపు, పదేళ్ల లోపు. వాటిలో మళ్లీ కొత్తగా నేర్చుకునేవాళ్లు, కొంత నేర్చినవాళ్లు. ఆపైన సోలో, జంట, కుటుంబ సమేతం. ఇన్ని గళ్లు గీశాక ఒక్కో గడిలో ఒక్కో పిల్లాడే మిగులుతాడు. ఆ గడికి ప్రపంచ విజేత వాడే.

ఇక వాయిద్యం. పియానోకు 88 మెట్లు. మెట్టు నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా, ఎంత నెమ్మదిగా నొక్కితే అంత మెత్తగా పలుకుతుంది. వాయించేవాడి బతుకంతా ఆ తేడా మీదే. నిలువు పియానో అయినా రెండు క్వింటాళ్ల దాకా తూగుతుంది. మొఘల్‌పురా గల్లీలో అడ్డంగా నిలిపిన బైకులను తప్పించి దాన్ని మూడో అంతస్తు ఎక్కించమంటే హమాలీలు దండం పెడతారు. కాబట్టి అక్కడ పియానో అంటే 61 మెట్ల కీబోర్డు. అందులో తప్పేమీ లేదు, ఎవరి దగ్గర ఉన్నదాని మీద వాళ్లు నేర్చుకుంటారు. కానీ గట్టిగా నొక్కినా, మెత్తగా నొక్కినా ఒకేలా మోగే చౌక పెట్టె మీద వాయించిన పిల్లకు ‘భావవ్యక్తీకరణలో విశిష్ట ప్రతిభ’ అని సర్టిఫికెట్ రావడం మాత్రం విజ్ఞానశాస్త్రానికి అందని విషయం.

వాయించింది వీడియో తీసి పంపాలి. దానికి నియమాలున్నాయి. చేతులు, ముఖం ఒకే ఫ్రేములో కనబడాలి, మధ్యలో కత్తిరింపు ఉండకూడదు. ఆ ప్రకారం ఫ్యాను ఆపుతారు, కుక్కర్ దించుతారు, తలుపు కింది సందులో తువ్వాలు కుక్కుతారు, ఫోన్‌ను కందిపప్పు డబ్బాకు ఆనించి నిలబెడతారు. వాయించేది బీథోవెన్ ‘ఫర్ ఎలీస్’. అందులోనూ అందరికీ తెలిసిన మొదటి ముక్కే. ఆ తర్వాత వేళ్లు పరుగెత్తాల్సిన చోటు ఇంతవరకు ఏ వీడియోలోనూ రాలేదు. పిల్ల మూడో లైనుకొచ్చేసరికి గల్లీలో పాత సామాన్ల బండి మైకు మొదలవుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి అజాన్. దాని తర్వాత వీధి చివరి ఫంక్షన్ హాలుకు బరాత్ వస్తుంది, ముందు మర్ఫా.

మర్ఫా సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు నిజాం కొలువుతో పాటు ఈ ఊరికి తెచ్చిన వాద్యం అది. సముద్రాలు దాటి వచ్చి, తరాలుగా ఇక్కడి పెళ్లిళ్లలో మోగుతోంది. న్యాయంగా ఆ వీధిలో అంతర్జాతీయ సంగీతమంటూ ఉంటే అదే. తలుపు కింద తువ్వాలు కుక్కేది దాన్ని ఆపడానికే.

న్యాయనిర్ణేతల విషయానికి వస్తే, వాళ్లకు ఫోటోలుంటాయి.

బహుమతుల అధ్యాయం పెద్దది. షోపాన్ పోటీలో 1990లో మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. తగినవాడు లేడన్నారు. ఐదేళ్లాగి 1995లో మళ్లీ అదే మాట అన్నారు. అంతకుముందు 1980లో ఇవో పోగొరెలిచ్‌ను ఫైనల్‌కు రానివ్వలేదని, అదే పోటీలో 1965లో గెలిచిన మార్తా అర్గెరిచ్ న్యాయనిర్ణేతల బల్ల వదిలి వెళ్లిపోయింది. ఇంత రాద్ధాంతం రెండో రకంలో ఉండదు. వందకు తొంభై దాటితే గోల్డ్, ఎనభై దాటితే సిల్వర్. తొంభై ఐదు దాటిన వాళ్లు మరీ ఎక్కువైపోవడంతో గోల్డ్ పైన ప్లాటినం, దాని పైన డైమండ్ పెట్టాల్సి వచ్చింది. ‘ప్రథమ బహుమతి’ కంటే గొప్పది ‘సంపూర్ణ ప్రథమ బహుమతి’. అసంపూర్ణ ప్రథమం ఎలా ఉంటుందో అది వచ్చినవాళ్లే చెప్పాలి.

గెలిచాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఈమెయిల్లో వచ్చే సర్టిఫికెట్ ఫీజులోనే కలిసి ఉంటుంది. కాగితం మీద కావాలంటే వేరే, పతకానికి వేరే, కప్పుకు వేరే, కప్పు మీద పేరు చెక్కడానికి వేరే. న్యాయనిర్ణేత రెండు వాక్యాల అభిప్రాయం రాసివ్వడానికీ ఒక రేటుంది. ఆ రెండు వాక్యాల్లో ఒకటి అభినందన, రెండోది వచ్చే ఏడాది కూడా పాల్గొనమని. పిల్లలను గుంపుగా పంపిన మాస్టారుకు ‘ఉత్తమ గురువు’ డిప్లొమా ఉచితం. పెళ్లి సంబంధం కుదిర్చిన పేరయ్యకు పంచెల చాపు పెట్టినట్టు.

ఆ పైది గాలా కచేరీ. న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించే అవకాశం అని ఉత్తరం వస్తుంది. కార్నెగీ అనగానే మనసులో మెదిలేది 2,800 మంది పట్టే పెద్ద హాలు. విజేతలకు సాధారణంగా దక్కేది అదే భవనంలో 268 కుర్చీల వెయిల్ హాలు. అది మంచి హాలే. డబ్బు కడితే అద్దెకిస్తారు. విమానం టికెట్, వీసా, హోటలు, పాల్గొనే రుసుము అన్నీ విజేతవే. ఎదుట కూర్చుని వినేది మిగతా విజేతల తల్లిదండ్రులు. వాళ్లు కూడా తమ పిల్లల వంతు అయ్యేదాకానే.

అక్కడికి వెళ్లలేని వాళ్ల గాలా చత్తా బజార్‌లో జరుగుతుంది. పెళ్లి పత్రికలు అచ్చువేసే ఆ వీధిలోనే సర్టిఫికెట్ ప్రింటై, లామినేషనై, బంగారు అంచు ఫ్రేములో కూర్చుంటుంది. పక్కనే ఫ్లెక్సీ డిజైను. ఫ్లెక్సీలో పిల్ల ఫోటో ఒక మూల, కార్పొరేటర్ ఫోటో నడిమధ్య, పైన వరుసగా ఏడెనిమిది నమస్కారాలు. పియానో బొమ్మ ఉంటుంది. నెట్‌లో దొరికిందే కాబట్టి దానికి మాత్రం 88 మెట్లుంటాయి.

"మా పాపకు గోల్డ్ వచ్చింది సార్."

"సంతోషం అమ్మా. మొత్తం ఎంతమందికి ఇచ్చిండ్రు?"

ఈ ప్రశ్న అడిగినవాణ్ని బోనాలకు పిలవరు.

ఇక్కడి నుంచి నవ్వొచ్చే విషయం ఏదీ లేదు. మూడో లైనులో తడబడ్డానని ఏడేళ్ల పిల్లకు తెలుసు. ఇంట్లో ఆ సంగతి తెలిసింది ఆ ఒక్కదానికే. తల్లి, తండ్రి, మాస్టారు, ఎక్కడో పేరు తెలియని నిర్వాహకుడు కలిసి ప్రపంచంలో నువ్వే మొదటిదానివని దాని మెడలో పతకం వేశారు. ఇకపై తన చెవిని నమ్మాలా, పెద్దల మాట నమ్మాలా అని ఆ పిల్ల తేల్చుకోవాలి. ఆ వయసులో ఎవరైనా పెద్దలనే నమ్ముతారు. సంగీతం నేర్పడమంటే చెవికి పదును పెట్టడం. ఈ వ్యాపారం పసిపిల్లల చెవినే మొద్దుబారుస్తోంది. దానికి ఫీజు కూడా వసూలు చేస్తోంది. ఇది మోసం. పిల్లల మీద చేసే మోసం. ప్రోత్సాహం అనే ముసుగు తీసేస్తే ఇందులో మిగిలేది రేట్ల పట్టిక.

ఇంకా సిగ్గుపడాల్సింది, వీళ్లెవరూ ఏదీ వినరు. 2025 షోపాన్ పోటీ మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రత్యక్ష ప్రసారమైంది. వార్సాలో సాయంత్రం ఐదంటే హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర, అన్నాలు తినే వేళ. ఒకే రాగాన్ని పదిమంది పదిరకాలుగా వాయిస్తుంటే పక్కన కూర్చోబెట్టి వినిపించాల్సిన వేళ. గోల్డ్ పిల్లల ఇళ్లలో ఎన్నింట్లో ఆ ఏడాది విజేత ఎరిక్ లూ పేరు తెలుసు? అంత దూరం ఎందుకు. ఫ్లెక్సీలు కట్టిన ఆ బస్తీల మధ్యే మీర్ మోమిన్ దాయిరాలో హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ సమాధి ఉంది. 1968లో ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన పాట ఫోన్లో పెట్టి వినడానికి పైసా ఖర్చు లేదు. సర్టిఫికెట్ రాదు గనక పెట్టరు.

గుర్తింపు గురించి ఒక ముక్క. అసలైన పోటీలకు జెనీవాలో 1957 నుంచి ఒక ప్రపంచ సమాఖ్య ఉంది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం వచ్చాక 2022లో అంతటి మాస్కో చైకోవ్‌స్కీ పోటీని కూడా అందులోంచి తీసేశారు. ఫ్లెక్సీ పోటీలను తీసేయడం ఎవరివల్లా కాదు, వాటిని చేర్చుకున్నవాళ్లు లేరు.

చివరిది ప్రయోజనం. ఏడో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలు కాగానే పియానో కళాకారిణి పదవీ విరమణ చేస్తుంది. ఈఏపీసెట్ ర్యాంకులో డైమండ్ సర్టిఫికెట్‌కు మార్కులు లేవు. కీబోర్డు చిన్నాన్న కొడుక్కు వెళుతుంది. వాడికి ఐదేళ్లు, ఆరేళ్ల లోపు విభాగంలో ఇంకా ఖాళీలున్నాయి. దరఖాస్తుల గడువు నిన్నటితో ముగిసింది, ఈ ఉదయం పొడిగించారు.