వంజంగి వాక్యానికి అవరోహణ వ్యాఖ్య

మూలం: "శుక్రవారం రాత్రికల్లా సామాన్లు సర్దేయండి. మనది ఫోర్ బై ఫోర్, ఎక్కడికైనా ఎక్కేస్తుంది. వంజంగి దగ్గర టెంటు వేసుకుని, తెల్లారి మేఘాలు చూసుకుని, ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉందాం."

టీక: వంజంగి అనగా పాడేరు దగ్గరి కొండ. చలికాలం రాగానే విశాఖపట్నం కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా పుట్టే గద్యం ఇది. కర్త పేరు తెలియకపోయినా నష్టం లేదు. బండికి వాయిదాలు కట్టేవారే కర్త అని లోకప్రసిద్ధి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్యవ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. దానికి కట్టుబడి చూస్తే ఈ మూడు వాక్యాల్లో తేల్చాల్సిన సంగతి ఒక్కటే: ఇందులో ప్రధానమైన క్రియ ఏది? 'ఎక్కేస్తుంది' అని బంధువర్గమంతా ఏకగ్రీవంగా అంటుంది. అది వాచ్యార్థం. గద్యం పైకి ఎక్కడం గురించి మాట్లాడుతూ లోపల దిగడం గురించే చెబుతోందని మా సిద్ధాంతం.

'మనది ఫోర్ బై ఫోర్' అనగా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. వెనక చక్రాలకే బలం అందే థార్‌లు కూడా 2023 నుంచి రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి 'మనది' అన్న మాట వ్యర్థపదం కాదు. 'తోడల్లుడిది కాదు' అని శేషపూరణం చేసుకోవాలి. అయితే కొండ ఎక్కడానికి ఈ బలమే కారణమా? చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సుకు బలం వెనక చక్రాలకే. సంతకు మనుషుల్నీ కోళ్లనీ మోసుకెళ్లే ఆటోకీ అంతే. పైగా ఎండిన తారు మీద ఫోర్ బై ఫోర్ వేయడమే దోషం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం దొర్లాలి. థార్, జిమ్నీ వంటి బండ్లలో ఫోర్ బై ఫోర్ మీట వేయగానే ముందు వెనక ఇరుసులు ఒకే వేగానికి బిగిసిపోతాయి గనుక, ఆ తేడా పోయే దారిలేక యంత్రంలోనే మెలిక పడుతుంది. బురదలోనో ఇసుకలోనో అయితే చక్రం కొంచెం జారి ఆ బిగువు విడిపోతుంది, తారు జారనివ్వదు. కాబట్టి కర్తగారు ఘాట్ పొడవునా టూ వీల్ డ్రైవ్‌లోనే, బహుశా ఆ ఆటో వెనకాలే వెళతారు. ఆపైన, వంజంగిలో మేఘాలు కనిపించే చోటికి చివరి ఎక్కుడు కాలినడకే. అందువల్ల 'ఎక్కడికైనా' అన్నది అర్థవాదం, అనగా స్తుతి. మీమాంసకులు స్తుతిని అబద్ధం కింద జమకట్టరు, మనమూ కట్టకూడదు.

మరి బండి ప్రయోజనం ఎక్కడుంది? గేరు పక్కనున్న చిన్న మీటలో ఉంది. దాని తల మీద 2 హెచ్, 4 హెచ్, ఎన్, 4 ఎల్ అని చెక్కి ఉంటుంది. కొన్నవారిలో చాలామంది ఆ చివరి గుర్తు దాకా ఎన్నడూ వెళ్లరు. అక్కడికి లాగితే ఇంజనుకూ చక్రాలకూ మధ్య మరో గేరు చేరి బండి మనిషి నడక వేగానికి దిగివస్తుంది. రాళ్లు తేలిన మట్టి దారిలో, ఒకటో గేరులో, పెడల్స్ మీంచి కాళ్లు తీసేసినా ఇంజనే బండిని పట్టుకుని ఒక్కో అడుగూ దింపుతుంది. ఈ పట్టు ఎందుకంటే, మనుషులూ సామానూ కలిసి రెండు టన్నులున్న బండి ఎనిమిది వందల మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు యాభై లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడినంతా బ్రేకుల మీదే పెడితే మలుపు మలుపుకీ పెడల్ పట్టు తగ్గుతుంది, చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. అన్ని కార్లకూ బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆగడంలో ఫోర్ బై ఫోర్‌కు ప్రత్యేక వరమేదీ లేదు, బరువు మాత్రం ఉంది.

ఇక్కడ పూర్వపక్షం: 'ఆ మీట బురదలోంచి పైకి లాగడానికి కదా, దిగడానికంటారేమిటి?' లాగుతుంది, కాదనం. కానీ పనిముట్టు విలువ అది లేనప్పుడు జరిగే నష్టాన్ని బట్టి తేలుతుంది. ఎక్కలేకపోతే చక్రం తిరుగుతుంది, బండి ఉన్నచోటే ఉంటుంది, బావమరిది దిగి తోస్తాడు. దిగడంలో పట్టు తప్పితే తోసేవాడి అవసరమే ఉండదు. చట్టం కూడా ఈ పక్షానే ఉంది: ఇరుకు కొండదారిలో దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని 2017 నాటి కేంద్ర డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆగే బాధ్యత దిగేవాడిది. 'ఘాట్‌లో తారే కదా, 4 ఎల్ వేయరు కదా' అని రెండో ఆక్షేపం. నిజమే, కానీ అక్కడ రెండో గేరు అదే పని చేస్తుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల నియమానికి మట్టి, తారు భేదం లేదు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవారికి ఈ వ్యాఖ్యలో అధికారం లేదు.

'సామాన్లు' ఉపలక్షణం. కుక్కరు, గ్యాసు పొయ్యి, ఊరగాయ, బామ్మగారి మడత కుర్చీ అన్నీ అందులో చేరతాయి. కుక్కరు మాత్రం అనవసరం కాదు: సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున నీళ్లు తొంభై ఏడు డిగ్రీల దగ్గరే మరుగుతాయి గనుక విడిగిన్నెలో కందిపప్పు మొండికేస్తుంది. జిమ్నీలో వెనక సీటు నిలబెట్టి ఉంచితే సామానుకు మిగిలేది 208 లీటర్ల చోటు. కాబట్టి మిగతాది పైకప్పు మీదికి ఎక్కుతుంది. అది వెళ్లేటప్పుడు ముచ్చటే. దిగే మలుపుల్లో ఆ బరువే బండిని బయటివైపు వాల్చుతుంది. పైగా టెంటు శనివారం ఎక్కినంత తేలిగ్గా ఆదివారం దిగదు. రాత్రంతా మంచు తాగి ఉంటుంది, ఎన్నిసార్లు చుట్టినా తన సంచిలోకి తాను దూరదు.

'తెల్లారి మేఘాలు' అన్నచోట ప్రతివాది ఆఖరి ఆశ పెట్టుకుంటాడు: అందమంతా పైనే ఉంది కదా, మరి అవరోహణ ఏమిటి? ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి కొండవాలు వేడిని కోల్పోతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి నిండుతుంది. అందులోని తేమ మంచుగా తేలుతుంది. పైనుంచి జనం ఫోటో తీసుకునేది రాత్రంతా దిగివచ్చిన ఆ చలిగాలినే. టెంటును లోయ అడుగున, వాగు పక్కన వేస్తే ఆ కావ్యం నడుం కిందికే వచ్చి చేరుతుంది. వాలు మధ్యలో కాస్త చదునైన చోటు వెతకడం మేలు.

'ఆదివారం మధ్యాహ్నానికి' అన్నచోట 'రాత్రికి' అని పాఠాంతరం ఉంది. కొన్ని ప్రతుల్లో 'సోమవారం సెలవు పెట్టాను' అని ఒక ప్రక్షిప్తం కూడా కనిపిస్తోంది. దారిలో కాఫీ గింజలూ, బొంగులో చికెనూ, పాడేరులో మోదకొండమ్మ దర్శనమూ ఉన్నందున 'రాత్రికి' అన్నదే గ్రాహ్యం. మధ్యాహ్నానికే చేరామంటే ఘాట్‌లో ఎవరో న్యూట్రల్ వేశారన్నమాట.