పిలిస్తే పలికే చందమామ

"ఆ లెక్కంతా స్క్రిప్టులో పెట్టేశాం. ఇక రీకంపైల్ గొడవ లేదు. సీ ప్లస్ ప్లస్ నుంచి ఒక్క లైనులో పిలవడమే!" ఈ మాట అన్నవాళ్ల మొహాల్లో వెలుగు చూడాలి, కూతురికి కట్నం లేకుండా పెళ్లి కుదిరినట్టు ఉంటుంది.

చాలాచోట్ల ఆ పిలుపు అందుకునేది లువా. 1993లో రియో డి జనైరోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన చిన్న భాష. పెద్ద ప్రోగ్రాముల ఒళ్లో ఒదిగిపోతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ యాడాన్లు రాసేది దీంట్లోనే. దానితో ఎవరికీ తగాదా లేదు. పోర్చుగీసులో లువా అంటే చందమామ. మన తల్లులూ గోరుముద్దలు తినిపిస్తూ చందమామను పిలుస్తారు, కాకపోతే వస్తాడని హామీ ఇవ్వరు.

ఇంతకీ ఆ ఒక్క లైను సంగతి. ముందు ఫంక్షన్ పేరును కోట్స్‌లో పెట్టి లువాను అడగాలి. దొరికితే అది స్టాక్ అనే దొంతర మీదికి వస్తుంది. దొరక్కపోతే 'నిల్' వచ్చి, అదీ అంతే మర్యాదగా అక్కడే కూర్చుంటుంది. ఆపైన ఆర్గ్యుమెంట్లు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఎన్ని పేర్చామో, ఎన్ని జవాబులు కావాలో వేళ్లు మడిచి లెక్కపెట్టి, అసలు పిలుపు జరిపే 'పీకాల్'కి చెప్పాలి. జవాబు మైనస్ ఒకటో స్థానంలో ఉంటుంది (పొరపాటు కాదు, పైనుంచి లెక్క). తీసుకున్నాక దొంతర దించాలి. మరిచిపోతే ఈ పూటకు ఏమీ కాదు. ముందుగా అడక్కుండా వాడుకోవడానికి హామీ ఉన్నది 20 గడులకే. అవి దాటాక ఏమవుతుందో దేవుడికే ఎరుక.

ఆర్గ్యుమెంట్ ఒకటి తగ్గిందా? ఆ చోట నిల్ పెట్టుకుంటుంది. ఎక్కువైందా? పారేస్తుంది. జవాబును 'టునంబర్'తో తీస్తే, వచ్చింది అంకె కాకపోయినా అది గొడవ చేయదు, సున్నా చేతిలో పెడుతుంది. జీతం లెక్కగట్టే ఫంక్షన్ నిల్ ఇచ్చిందనుకోండి, ఆ నెల జీతం సున్నా. ఎర్రర్ ఎక్కడా ఉండదు!

ఒక్క సెమికోలన్ తప్పితే ఇల్లు పీకి పందిరేసే కంపైలర్ ఇదంతా చూస్తూ ఊరుకుంటుంది. దాన్ని వీధి గుమ్మంలో కాపలా పెట్టి, సరుకంతా దొడ్డిదారిన దించుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

'పీకాల్' బదులు ఉత్త 'కాల్' వాడే ధీరులు మరికొందరు. స్క్రిప్టులో తప్పు దొర్లగానే 'పానిక్' అని ఒక్క కేక, ఆ వెంటనే ప్రోగ్రామంతా హరీ.

ఇన్ని బాధలు పడ్డాక తెలివైనవాళ్లు సోల్2 లాంటి లైబ్రరీ తెచ్చుకుంటారు. పిలుపు నిజంగానే ఒక్క లైనుకు దిగుతుంది. కాకపోతే అదంతా సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్ల అడవి, కంపైల్‌కి పెట్టి టీ తాగి రావచ్చు. రీకంపైల్ తప్పించుకోవడానికని స్క్రిప్టు తెచ్చారు కదా, గుర్తుందా?

"ప్రోగ్రామింగ్ రాని డిజైనర్ కూడా మార్చుకోవచ్చు" అన్నది ఇంకో గొప్ప. మార్చుకుంటాడు పాపం, స్పెల్లింగుతో సహా.

2013లో ఏలియన్స్: కొలోనియల్ మెరైన్స్ అనే గేమ్ వచ్చింది. అందులోని రాక్షసులకు బుద్ధి లేదని సమీక్షకులు ఉతికి ఆరేశారు. దాని సెట్టింగుల ఫైల్లో, ఒక క్లాసు పేరులోని 'టెదర్' అనే మాటకు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఎ' ఎక్కువ పడింది. అది లువా కాదు, మామూలు టెక్స్టు ఫైలు. జబ్బు మాత్రం ఇదే, కంపైలర్ కంట పడని పేరు. ఆ అక్షరం చెరిపేస్తే రాక్షసుల తీరు మెరుగుపడుతుందని లోకమంతా తెలుసుకున్నది 2018లో. దాన్ని చెరపడానికి రీకంపైల్ అక్కర్లేకపోయింది, అదొక్కటీ నిజం. ఐదేళ్లు పట్టింది, అంతే.