మిగిలిన గాలి లెక్క నాది

బానెట్ ఎత్తినంత మాత్రాన నేను కంటపడను. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డు మీద, వేడి తగలకుండా బిగించిన రేకు చాటున ఉంటాను. ఇరవై రెండో నంబరు స్పానరు పడుతుంది నాకు. బొటనవేలంత ఒళ్లు, వెనక నాలుగు వైర్లు. తెల్లవి రెండూ హీటరువి, బూడిద రంగుది గ్రౌండు, నల్లది నా గొంతు. బిల్లు మీద నా పేరు ఆక్సిజన్ సెన్సర్. విజయవాడ ఆటోనగర్‌లో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు, ‘ఓటూ’ అంటారు.

నా గురించి ఊళ్లో ఒక అపోహ ఉంది. పెట్రోలు ఎంత పడుతోందో నేను కొలుస్తానట. పెట్రోలు మొహం నేనెప్పుడూ చూడలేదు. సిలిండర్లలో మంట అయిపోయాక వచ్చే పొగలో ఇంకా ఆక్సిజన్ మిగిలిందా లేదా, అదొక్కటే నాకు తెలుసు. ఎంగిలి విస్తళ్లు చూసి విందు ఎలా జరిగిందో చెప్పేవాడి ఉద్యోగం నాది. ఏం మిగిలిందో చెప్తాను. ఎందుకు మిగిలిందో వంటవాణ్ణి అడగండి.

రేకు టోపీ తీస్తే లోపల పింగాణీ ఉంటుంది. అది మామూలు పింగాణీ కాదు, కొంచెం ఇట్రియా కలిపి కాల్చిన జిర్కోనియా. ఒక వైపు మూసుకుపోయిన చిన్న గొట్టంలా చేసి, లోపలా బయటా ప్లాటినం పూత పూస్తారు. ఈ మిశ్రమం కాగితే కరెంటును మోస్తుందని వాల్టర్ నెర్న్‌స్ట్ 1897లోనే పట్టుకుని దాంతో దీపం చేశాడు. ఆయనకు నోబెల్ వేరే పనికి వచ్చిందిలెండి. కారులోకి మా వాళ్లు అడుగుపెట్టింది 1976లో, కాలిఫోర్నియాలో అమ్మిన వోల్వోల్లో. సెన్సర్ తయారుచేసింది బాష్ కంపెనీ. మన దగ్గర సీసం లేని పెట్రోలు వచ్చేదాకా మాకు దారి దొరకలేదు. 1995లో నాలుగు మహానగరాల్లో ఆ పెట్రోలు, దాంతోపాటు కొత్త కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ వచ్చాయి. 2000లో సీసం దేశమంతా పోయింది. సీసం తగిలితే నా ప్లాటినం పనికిరాకుండా పోతుంది. నా తర్వాత పొగ దారిలో కూర్చునే కన్వర్టర్ గతీ అంతే. భీమిలి ఇసుకలో జిర్కాన్ ఉంటుంది కాబట్టి ఆంధ్ర తీరంలో నాకు దూరపు చుట్టాలున్నారని చెప్పుకోవచ్చు, అయినా నేను ఆ ఇసుకలో పుట్టానని ప్రమాణం చేయను.

నా పింగాణీ గొట్టానికి బయట పొగ, లోపల మామూలు గాలి. లోపలి గాలి ఎక్కడిదంటారా? వైర్ల తీగల సందుల్లోంచి వస్తుంది. అందుకే నా వైరు తెగినప్పుడు టంకం వేసి అతుకు పెడితే నాకు ఊపిరాడదు. మూడు వందల డిగ్రీలు దాటి వేడెక్కాక, రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడా వోల్టేజీగా బయటికొస్తుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.9 వోల్టుల దగ్గర పలుకుతాను. మిగిలి ఉంటే 0.1కి పడిపోతాను. మధ్యలో 0.45 గీత. అటు రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. ఇటు లీన్, అంటే గాలి ఎక్కువ.

ఆ గీత ఎక్కడుందంటే, ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి సరిగ్గా సరిపోయే చోట. అక్కడే ఎందుకు నిలబడాలో కన్వర్టర్‌ని అడగాలి. కార్బన్ మోనాక్సైడ్‌నీ కాలని పెట్రోలునీ కాల్చడానికి దానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టాలంటే ఆక్సిజన్ ఎక్కువ ఉండకూడదు. రెండు పనులూ ఒకేసారి జరిగే సందు చాలా ఇరుకు. అందుకని ఇంజన్‌ని నడిపే కంప్యూటరు నా మాట విని, నేను ‘లీన్’ అనగానే పెట్రోలు పెంచుతుంది, ‘రిచ్’ అనగానే తగ్గిస్తుంది. సెకనుకు ఒకటి రెండుసార్లు ఇలా అటూ ఇటూ ఊగుతాం. ఈ ఊగడం చూసి కొత్త మెకానిక్కులు కంగారు పడతారు. ఊగకపోతేనే జబ్బు.

పెంచిందీ తగ్గించిందీ కంప్యూటరు శాతాల్లో రాసుకుంటుంది. అప్పటికప్పుడు దిద్దేది షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే దిద్దుబాటు రోజూ అవసరమైతే లాంగ్ టర్మ్‌లోకి ఎక్కుతుంది. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే ఎవరూ పట్టించుకోరు. పాతికకు చేరితే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. గన్నవరం దారిలో లారీని దాటడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం నన్ను అడిగేవాడుండడు. ఇంజన్ చల్లగా ఉండడానికీ, బలం రావడానికీ కంప్యూటరు తన పట్టిక ప్రకారం పెట్రోలు ఎక్కువే పోస్తుంది. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడూ అంతే, నా హీటరు నన్ను కాచేదాకా నా మాట చెల్లదు.

మా కారు ఒక లెక్కల మాష్టారిది. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ గిజగిజ కొట్టుకునేది. బండి ఎత్తుకునేటప్పుడు ఒక్క క్షణం తడబాటు. లైటు వెలిగింది, కోడు పీ0171, అంటే మిక్స్చర్ మరీ లీన్. ముందు తీసుకెళ్లిన చోట ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు. లైటు మళ్లీ వెలిగేసరికి, “సెన్సర్ పోయింది సార్” అని తేల్చేశారు. ‘లీన్’ అని ఫిర్యాదు చేసినవాడు నేను కాబట్టి, నన్నే తీసెయ్యాలన్నమాట!

మాష్టారు అనుమానం మనిషి కావడం నా అదృష్టం. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తెచ్చారు. అతను నా జోలికి రాకుండా స్కానరు పెట్టి నా వోల్టేజీ గ్రాఫు చూశాడు. 0.2, 0.8, మళ్లీ 0.2.

“మాష్టారూ, దీన్ని మార్చమన్నది ఎవరండీ? పోయినోడు ఇట్టా ఎగురుతాడా?”

తర్వాత ట్రిమ్ చూశాడు. ఐడిల్‌లో ప్లస్ ఇరవై నాలుగు. కుర్రాణ్ణి పిలిచి, “ఒరేయ్, రేసు రెండున్నర వేల దగ్గర పట్టుకో” అన్నాడు. అంకె దిగుతూ దిగుతూ ఆరు దగ్గర ఆగింది. అక్కడే అతనికి సగం సమాధానం దొరికింది. పెట్రోలు పంపు బలహీనమైతే రేసు పెంచేకొద్దీ లీన్ పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. అంటే ఎక్కడో సందులోంచి గాలి చొరబడుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగగాలి వాటా ఎక్కువ. రేసులో అసలు గాలి బోలెడు, దొంగగాలి అందులో కలిసిపోతుంది. మా కారులో ఎయిర్ ఫిల్టర్ వెనక గాలిని తూచే మీటరుంది. అది దాటాక దూరిన గాలి కంప్యూటరు లెక్కలోకి రాదు. మీటరు లేకుండా ఇన్‌టేక్ మానిఫోల్డు ఒత్తిడిని బట్టి గాలి లెక్కగట్టే కార్లలో ఇదే చిల్లి ఇలా కనపడదు, ఐడిల్ పెరిగి ఊరుకుంటుంది.

కార్బురేటర్ క్లీనర్ డబ్బా తీసి, వేడి పొగ గొట్టానికి ఎడంగా, ఇన్‌టేక్ వైపు రబ్బరు పైపుల మీద కొంచెం కొంచెంగా చల్లుకుంటూ వచ్చాడు. కళ్లు స్కానరు మీదే. ఒక పైపు, రెండో పైపు, ఇన్‌టేక్ గాస్కెట్ అంచు... నాలో మార్పు లేదు. ఇంజన్ ఆవిరిని వెనక్కి పీల్చే పీసీవీ పైపు వంపు కింద చల్లగానే ఆ క్లీనరు సందులోంచి లోపలికెళ్లి మండింది, నా గొంతు 0.9కి ఎగిరింది. వేలు పెట్టి తడిమితే పైపు అడుగున నిలువునా చీలిక. పైనుంచి చూస్తే కొత్త పైపులాగే ఉంది. పైపు మార్చి కోడు చెరిపేశాడు. కాసేపు తిప్పుకొచ్చేసరికి ట్రిమ్ మూడు శాతం.

ఇంకో సంగతి. నా మాట విని దారి తప్పేవాళ్లు కూడా ఉంటారు. ఒక సిలిండర్లో ప్లగ్గు మంట పుట్టించకపోతే, లోపలికెళ్లిన పెట్రోలూ గాలీ రెండూ అలాగే నా దగ్గరికొస్తాయి. తినకుండా లేచిపోయినవాడి విస్తరి అది. పెట్రోలు నాకు కనపడదు, ఆక్సిజన్ కనపడుతుంది, ‘లీన్’ అంటాను. కంప్యూటరు ఇంకా పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన కొడుతుంటే నేను లీన్ అంటున్నానంటే ప్లగ్గులూ కాయిలూ చూడాలి. నాకు ముందు ఎగ్జాస్ట్ గాస్కెట్ ఊదిపోయి బయటిగాలి పీల్చినా ఇదే కథ.

బండిని రేసుకు ట్యూన్ చేసే కుర్రాళ్లు నాకో మీటరు తగిలించి, కిలో పెట్రోలుకు గాలి ‘పన్నెండున్నరా, పదమూడా’ అని అడుగుతుంటారు. 0.8 దాటాక నా వోల్టేజీ మిక్స్చర్ కన్నా నా ఒంటి వేడిని బట్టే ఎక్కువ మారుతుంది. గీతకు అటా ఇటా అన్నంత వరకే నా సాక్ష్యం. ఎంత రిచ్ అన్న అంకె కావాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొనుక్కోవాలి. దాని ధర విన్నాక చాలామంది మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఈమధ్య పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి పెరిగింది. ఇథనాల్ బరువులో మూడో వంతు పైన ఆక్సిజనే, కిలో కాలడానికి తొమ్మిది కిలోల గాలి చాలు. ఈ-20కి లెక్క దాదాపు 13.5 దగ్గర తేలుతుంది. అయినా నా గీత జరగలేదు, మిగిలిన ఆక్సిజన్ లెక్కకు ఏ ఇంధనమైనా ఒకటే. కంప్యూటరు నా మాట మీద పెట్రోలు ఇంకొంచెం పోసింది, ట్రిమ్ కొన్ని శాతాలు పైకెక్కింది. మైలేజీ తగ్గిందని మాష్టారు బంకువాణ్ణి తిట్టుకుంటున్నారు. ట్రిమ్ అంకె చూసి మిక్స్చర్ పాడైందనుకోవడం మాత్రం అన్యాయం, అది సరిగ్గా ఉంది కాబట్టే ఆ అంకె.

నాకూ వయసు మీదపడుతోంది. కాలిన ఆయిల్ బూడిద టోపీ సందుల్లో పేరుకుంది. మొన్న సర్వీసులో మెకానిక్ ఇన్‌టేక్‌లోకి కాస్త గ్యాస్ వదిలి, నేను లీన్ నుంచి రిచ్‌కి ఎంతసేపట్లో ఎక్కుతానో చూశాడు. పదో వంతు సెకనులో ఎక్కాలి. ఎక్కలేదు.

“ఇప్పుడు మార్చాలి మాష్టారూ,” అన్నాడు.

“అప్పుడు లైటు వెలిగింది, వద్దన్నావు. ఇప్పుడు లైటే లేదు, మార్చమంటున్నావు!”

“గొంతు బానే ఉందండి. చెప్పేసరికి ఆలస్యం అవుతోంది. ఈలోగా పెట్రోలు ఎక్కువ పడిపోద్ది.”

మాష్టారు ధర అడిగారు. విని, వచ్చే నెల చూద్దామన్నారు.