మా బావమరిది ఫోర్కు

మౌంటెన్ బైకు కొనడానికి కొండ ఉండక్కర్లేదు, ఎక్సెల్ షీటు ఉంటే చాలు. ఫ్రీమాంట్‌లో మా బావమరిది ఇంటి కిటికీ తీస్తే మిషన్ పీక్ ఎదురుగా కనబడుతుంది. వాడు దానికి వీపు పెట్టి కూర్చుని, చలికాలమంతా ఫుల్ సస్పెన్షన్ బైకుల్ని గళ్లలో నింపాడు. వెనక ట్రావెల్ ఎంత, ముందు ట్రావెల్ ఎంత, హెడ్ యాంగిల్ ఎన్ని డిగ్రీలు, లింకేజీ ఎవరిది, చక్రం 29 అంగుళాలా, 27.5 అంగుళాలా. మా ఆవిడ ఆ షీటు చూసి, "పెళ్లి సంబంధాలప్పుడు కూడా మా తమ్ముడు ఇన్ని వివరాలు అడగలేదండీ" అని మురిసిపోయింది. పక్కనే ఉన్న వాడి భార్య మాత్రం మురవలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. చక్రం రాయెక్కినప్పుడు ఎంత మేర పైకి జరగగలదో దాన్ని ట్రావెల్ అంటారు. క్రాస్ కంట్రీ బైకుకి 100 నుంచి 120 మిల్లీమీటర్లు, ట్రయల్ బైకుకి 120 నుంచి 150, ఎండ్యూరోకి 150 నుంచి 170 దాకా, నిటారు వాలులో దూసుకుపోయే డౌన్‌హిల్ బైకుకి 200. మనిషన్నవాడికి నచ్చేది ఎప్పుడూ తన అవసరానికి ఒక మెట్టు పైనున్నదే. మా వాడికి రెండు మెట్లు పైది నచ్చింది.

వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే లింకేజీల గొడవ చెప్పుకుంటే తెల్లారిపోతుంది. హార్స్ట్ లైట్నర్ పేరుమీద హార్స్ట్ లింకు ఉంది, డేవ్ వీగల్ పేరులోని పొడి అక్షరాలతో డీడబ్ల్యూ లింకు ఉంది, శాంటా క్రూజ్ వాళ్లకి వీపీపీ ఉంది. అందరూ చెప్పేది ఒకటే: తొక్కేటప్పుడు బైకు ఊగదు, రాయి తగిలితే మింగేస్తుంది. ఇప్పటి మంచి బైకుల్లో దాదాపు అన్నీ ఆ మాట నిలబెట్టుకుంటున్నాయి కూడా. అందుకే వెనక లింకు గురించి నెలలకొద్దీ కొట్టుకోవడం దండగని నా అభిప్రాయం. తేడా అంతా ముందు ఫోర్కు దగ్గరే తేలుతుంది.

వాడి వేడి కాస్త దిగుతుందేమోనని ఒకసారి ఫెయిర్‌ఫాక్స్‌లోని సైకిలు మ్యూజియానికి తీసుకెళ్లాను. మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే ఉంది. ఆ ఊరి పక్క కొండమీదే 1976లో రీప్యాక్ పందేలు మొదలయ్యాయి. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటి కుర్రాళ్లు పాతకాలం లావు టైర్ల సైకిళ్లేసుకుని మట్టిదారిలో కిందికి దూకేవారు. బ్రేకంటే పెడలు వెనక్కి తొక్కితే పనిచేసే హబ్బు బ్రేకే. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాగి పొగైపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. ఆ దారికి రీప్యాక్ అన్న పేరు అందుకే వచ్చింది.

"సస్పెన్షన్ లేకుండా ఎలా దిగారు బావా?" అన్నాడు మా వాడు.

"మోకాళ్లతో" అన్నాను.

పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి తెచ్చిన మొదటి ఫోర్కు ట్రావెల్ సుమారు రెండంగుళాలు. మరుసటేడు డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ ఫోర్కుతోనే డౌన్‌హిల్ గెలిచాడు. ప్రపంచ విజేతకి ఆనాడు సరిపోయింది అంత. అలమీడా క్రీక్ పక్కన తారుబాటమీద తిరిగే మా వాడికి 160 కావాలి.

చివరికి బైకు మంచిదే కొన్నాడు. వెనక 120, ముందు 130. కానీ ఇంటికి తెచ్చిన వారానికే దాని ఫోర్కు సన్నగా కనబడటం మొదలైంది. ఫాక్స్ కంపెనీ ఫోర్కుల పేర్లలో 34, 36, 38 అని అంకెలుంటాయి. అవి పై గొట్టాల మందం, మిల్లీమీటర్లలో. మా వాడు వాటిని ర్యాంకులనుకున్నాడు. 38 మిల్లీమీటర్ల కాళ్లతో 160 ఫోర్కు ఆర్డరు పెట్టి, అది వచ్చాక నన్ను పిలిచాడు.

నాకు తెలిసినంతలో చెప్పాను. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడుగైతే హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు నిలుచునే కోణం, ఇంచుమించు ఒక డిగ్రీ వాలుతుంది. 30 పెరిగితే డిగ్రీన్నర. పెడళ్లు పైకి లేస్తాయి, సీటు వెనక్కి వాలుతుంది, మనిషి బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది. ఎక్కుడులో ముందు చక్రం దారి వదిలేసి ఆకాశం చూస్తుంది. బరువు దాదాపు అరకిలో పెరుగుతుంది. ఆ పొడుగాటి ఫోర్కు ఫ్రేము మెడను మీటవేసి లాగుతుంది కాబట్టి, ఎంతవరకు పెట్టొచ్చో ఫ్రేము చేసినవాళ్లే రాసిస్తారు. వాడి ఫ్రేముకి రాసింది 140. "కంపెనీలు భయపడి తక్కువ రాస్తాయిలే బావా" అన్నాడు. దుకాణం మెకానిక్ ఆ కాగితం చదివి, నేను బిగించనని చెప్పేశాడు. ఈలోగా వాపసిచ్చే గడువు దాటిపోయింది.

తర్వాత ఉన్న 130 ఫోర్కుకే గాలి పట్టించుకుందామన్నాడు. ఎంత గాలి కొట్టాలనేది ఎక్కేవాడి బరువును బట్టి. దుకాణంలో కుర్రాడు అడిగితే, మా వాడు డ్రైవింగ్ లైసెన్సు మీదున్న బరువు చెప్పాడు. కాలిఫోర్నియా లైసెన్సు మీద బరువు రాస్తారు. ఎవరు ఏనాడు చెప్పిందో అది. హెల్మెట్టు, బూట్లు, వీపున నీళ్ల సంచి, అందులో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా లెక్కలోకే రాలేదు. వాడు బైకెక్కి నిలబడి దిగాడు. ఫోర్కు కాలికి ఓ రబ్బరు ఉంగరం ఉంటుంది, ఎంత కుంగిందో అది చూపిస్తుంది. ఇరవై శాతం లోపు, అంటే 26 మిల్లీమీటర్ల దగ్గర ఆగాల్సిన ఉంగరం సగం దాకా జారింది. కుర్రాడు ఏమీ అనకుండా పంపు తీసుకొచ్చాడు. "మా తమ్ముణ్ణి ఏమీ అనకండి" అంది మా ఆవిడ, నేనింకా నోరే తెరవలేదు.

గాలి మరీ ఎక్కువైనా నష్టమే, కొన్న ట్రావెల్లో సగం వాడకుండా మిగిలిపోతుంది. కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని సరిచేసే రీబౌండ్ మీట వదులుగా ఉంటే హ్యాండిలు చేతిని తన్నేస్తుంది. బిగిస్తే వరస రాళ్లమీద ఫోర్కు లేచేలోపే మరోటి తగిలి, కుంగినది కుంగినట్టే ఉండిపోతుంది. అందుకే పొడుగుకి పెట్టే డబ్బు, ఆ కదలికను అదుపుచేసే లోపలి డాంపర్‌కి పెట్టమంటాను. మామూలు ట్రయల్స్ తొక్కేవాళ్లకు, ఫ్రేము ఒప్పుకుంటే, 130, 140 ట్రావెల్, 34, 35 మందం కాళ్లు, మంచి డాంపర్ చాలు. రాక్‌షాక్స్ వాళ్లు 50 గంటలకోసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటారు, అదీ మరవకూడదు. మా వాడికి ఆ బెంగ లేదు. వాడు 50 గంటలు తొక్కేసరికి వాడి పిల్లలు కాలేజీకి వచ్చేస్తారు.

ఆ 160 ఫోర్కు వాడి గరాజ్‌లో డబ్బాలోనే ఉంది. స్టీరర్ గొట్టం కోయలేదు. 29 అంగుళాల చక్రానిది. 160కి ఒప్పుకునే ఫ్రేము ఉన్న తెలుగువారెవరైనా బే ఏరియాలో ఉంటే కబురు పెట్టండి, రేటు మాట్లాడుకుందాం.