సమదృష్టి

పురాతన కట్టడముల విషయమున మనవారు రాజుల మేడలను కాపాడి సామాన్యుల కొంపలను కూల్చుదురని గిట్టనివారు చేయు ఆక్షేపణ శుద్ధ అబద్ధము. విజయనగరము కోటలో 1869లో వెలసిన మోతీమహలును 2016లో నేలమట్టము గావించి, 2020లో ఊరి నడిబొడ్డున మూడు లాంతర్ల స్తంభమును సైతము పెకలించిన మనకు, వీధి వెంబడి నిలిచిన వరుస పెంకుటిండ్లపై మాత్రము ప్రత్యేకమైన పగ యెందుకుండును? రాజుకును పేదకును ఒకటే గునపము! ఇంతటి సమదృష్టి వేదాంతులకైనను దుర్లభము.

కళింగాంధ్ర పల్లెలలో ఈ వరుస యిండ్లను చూడనివారుండరు. ఇంటికిని ఇంటికిని నడుమ సందు లేదు. రెండు కాపురములకు ఒకటే మట్టిగోడ. ఇటువారి దూలమును అటువారి దూలమును దానిమీదనే ఆనియుండును. వీధి పొడవునా సాగిన అరుగు, లోన ఒకదాని వెనుక నొకటిగా గదులు, చివర పెరడు. చూరు ఎంత దిగువకు వంగియుండుననగా, పొడగరి అల్లుడు తల వంచక లోనికి రాలేడు. మామగారికి ఆ మర్యాద అయాచితముగా లభించెడిది.

ఇప్పుడా వరుస నడుమ నొక అన్నగారికి మేడ కట్టవలెనను బుద్ధి పుట్టును. పొక్లెయిను వచ్చును, పూటలో ఇల్లు పోవును. ప్రక్కింటి తమ్ముని దూలము ఆనుటకు గోడ లేక, టార్పాలిను కప్పుకొని, తుపానుకై వేచియుండును. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ వంటిది వచ్చి వెడలిన పిమ్మట, "పాతకొంప గదరా, పడక యేటి సేస్తాది?" అని అన్నగారే పరామర్శింతురు.

ఊడదీసిన టేకు ద్వారబంధము పాత కలప కొట్టుకు, అటనుండి తీరమున నొక రిసార్టుకు చేరును. అచ్చట దానికి వార్నీషు పూసి, చెంత రుబ్బురోలును లాంతరును అమర్చి, "పల్లె వాతావరణము" అని బోర్డు కట్టి రాత్రికింతయని అద్దె గొందురు. అన్నగారు సకుటుంబముగా పోయి, సొమ్ము చెల్లించి, దాని ప్రక్కన ఫోటో దిగుదురు.

పాత కట్టడములను కాపాడ చట్టమున్నది గదా యందురా? 1958 నాటి కేంద్ర చట్టమునకు నూరేండ్ల వయసు చాలదు, జాతీయ ప్రాధాన్యము గూడ కావలెను. 1892లో కన్యాశుల్క నాటకమును తొలుత ఆడిన విజయనగరములో దాని కర్త గురజాడవారి యిల్లు స్మారకమైనది, న్యాయమే. ఆ నాటకపు గిరీశము లెక్చరు దంచదగిన అరుగులకు మాత్రము ఆ యోగము లేదు.

ఉమ్మడి గోడపై గునపము పడుటకు ముందు, మిగిలిన వైపు క్రొత్త గోడ లేవవలెనని పురపాలకులు ప్లాను మంజూరు కాగితమున ఒక్క వాక్యము చేర్చిన చాలును. ఏటేట పెంకు నేయించుకొనుటకు కొంత అప్పు గూడ ఇప్పించిరా, తమ్ముడును ఇల్లు కూల్చక నిలుపుకొనును.